ముదీర్ ఇంటిని నేను కడిగిన రోజు

2021 జూన్ నెల. దుబాయ్‌లో బస్‌స్టాప్ బెంచీ మీద చెయ్యి పెడితే కాలే రోజులు. నేను పనిచేసే భవనం లోపల మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వానే. నిజం వాన కాదు, పైకప్పు కింది పైపుల్లోంచి పొగలా దిగే నీటి తుంపర. దక్షిణ అమెరికా వర్షారణ్యాన్ని పెద్ద అద్దాల భవనంలో పెంచి, టికెట్టు పెట్టి జనానికి చూపించే చోటు అది. చెట్లూ నిజమైనవే, పక్షులూ నిజమైనవే. ఆ తేమకి నా కళ్లజోడు తుడుచుకోవడమే నాకు సగం పని.

నేను అసలు మనుషుల నర్సుని. కాకినాడలో ఒక పిల్లల ఆసుపత్రిలో తొమ్మిదేళ్లు ఎన్‌ఐసీయూలో చేశాను. నెలలు నిండక పుట్టిన పిల్లల్ని అద్దాల పెట్టెల్లో ఉంచి బతికించే వార్డు అది. మా ఆయన ఉద్యోగం కోసం దుబాయ్ వచ్చి కరామాలో కాపురం పెట్టాక, ఇక్కడి నర్సింగ్ లైసెన్సు పరీక్ష రెండుసార్లు రాశాను. రెండుసార్లూ పోయింది. మూడోసారి రాసే ఓపిక లేదు, ఇంట్లో కూర్చునే స్వభావమూ కాదు. కనబడిన ప్రతి ఉద్యోగానికీ అప్లికేషన్ పెడితే ఈ అడవివాళ్లు పిలిచారు. ఇంటర్వ్యూ చేసింది అక్కడి పశువైద్యుడు డాక్టర్ హానీ, ఈజిప్టు ఆయన. ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"నలభై గ్రాముల పిల్లకి సిరంజితో పాలు పట్టగలవా?"

"అంత చిన్నదాన్ని చూడలేదు డాక్టర్. ఏడు వందల గ్రాముల మనిషి పిల్లకి పట్టాను."

"అయితే చాలు, సిస్టర్" అన్నాడు. అప్పటి నుంచి అక్కడ అందరికీ నేను సిస్టర్‌నే. వరలక్ష్మి అనే పేరు నా ఐడీ కార్డు మీద తప్ప ఎక్కడా వినబడదు. ఆరు నెలల ప్రొబేషన్ మీద చేరాను. ఈ సంగతి జరిగేనాటికి నాలుగు నెలలు గడిచాయి.

నాకు అప్పగించింది కాటన్ టాప్ టామరిన్‌ల గది. కోతి అనగానే మనకి గుడి మెట్ల దగ్గర కొబ్బరి చిప్ప లాక్కుపోయే కోతి గుర్తొస్తుంది. ఇది ఆ జాతి కాదు. ఉడుత కంటే కాస్త పెద్దది, అర కిలో కూడా తూగదు. నల్లటి చిన్న మొహం, నెత్తి మీద తెల్లటి జుట్టు దూది పింజలా లేచి ఉంటుంది. దాని ఊరు కొలంబియా దేశం, అందులోనూ వాయవ్యపు మూల ఉన్న అడవులు మాత్రమే. ఆ అడవుల్ని పొలాలకీ పశువుల మేతకీ నరికేశారు. ఒకప్పుడు ప్రయోగశాలల కోసం వేల సంఖ్యలో పట్టుకుపోయారు కూడా. ఇప్పుడు ప్రపంచంలో అంతరించే ప్రమాదం బాగా ఎక్కువగా ఉన్న కోతుల్లో ఇదొకటి. అందుకే ఇక్కడ ఒక్క పిల్ల పుట్టినా పెద్ద వార్త.

మా గదిలో ఉన్నది ఒకే కుటుంబం. తండ్రి పేరు ముదీర్, తల్లి బేగం, ఏడాది కిందట పుట్టిన కూతురు చిట్టి. పేర్లు పెట్టింది రాజన్న. నిర్మల్ దగ్గర పల్లెటూరి మనిషి, యాభై దాటాయి. పదహారేళ్ల కిందట భవనాల పనికి వచ్చాడు. ఈ భవనానికి పైపులు బిగించిన కూలీల్లో ఒకడు, పని అయ్యాక తోటమాలిగా ఇక్కడే ఉండిపోయి, జంతువుల దగ్గర చెయ్యి తిరిగినవాడని చూసి కీపర్‌ని చేశారు. నాకు పని నేర్పింది ఆయనే. నేను వాటిని దూది కోతులు అంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు.

"దూది ఏంది చెల్లె, పత్తి అను. మా దిక్కు పత్తి పండిస్తరు, నాకు తెల్వదా? ఇవి పత్తి కోతులు."

"ముదీర్ అని ఎందుకు పెట్టావు రాజన్నా?"

"చూడు, పొద్దున లేవంగనే పై కొమ్మ మీద కూసుంటడు. మనం కింద ఊడ్సుతుంటే చూస్తనే ఉంటడు. ముదీర్ గాకుంటె మరేంది?"

మేనేజర్‌ని ఇక్కడ ముదీర్ అంటారు. అయితే ఈ ముదీర్‌ది కుర్చీలో కూర్చునే ఉద్యోగం కాదు. టామరిన్‌లకి మామూలుగా కవలలే పుడతారు, ఆ ఇద్దరూ కలిసి తల్లి బరువులో దగ్గర దగ్గర ఐదో వంతు ఉంటారు. ఆ బరువు మోస్తూ, పాలిస్తూ, కొమ్మలు దూకడం తల్లి ఒక్కదాని వల్ల కాదు. పాలు పట్టడం తల్లి పని, మోయడం తండ్రి పని. అక్కలూ అన్నలూ కూడా మోస్తారు. అలా తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ మోసిన పిల్లలకే పెద్దయ్యాక తమ పిల్లల్ని పెంచడం వస్తుంది. మోయడం తెలియకుండా పెరిగినది తనకి పుట్టిన పిల్లని చూసి భయపడి వదిలేస్తుంది, ఒక్కోసారి కొరికేస్తుంది కూడా. రాజన్న ఈ సంగతి చెప్పినప్పుడు, మన ఇళ్లలో పెద్ద కూతురు చంకలో చంటివాణ్ణి ఎత్తుకుని తిరగడం గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఇక నాకు మింగుడుపడని సంగతి ఒకటి ఉంది. ఈ గదిని సగమే కడగాలి.

నేల రోజూ కడగొచ్చు, తిండి పళ్లేలు రోజూ కడగొచ్చు. కొమ్మలూ తాళ్లూ మాత్రం ఈ వారం సగం, వచ్చే వారం మిగతా సగం. అవి నిద్రపోయే చెక్క గూడు జోలికి, పిల్లలు ఉన్నప్పుడు, అసలు వెళ్లకూడదు. కారణం సెంట్ మార్కింగ్. టామరిన్‌లకి తోక మొదట్లో, పొత్తికడుపు కింద వాసన గ్రంథులు ఉంటాయి. వాటిని కొమ్మలకి రుద్ది తమ వాసన పూస్తాయి. ఇది మా ఇల్లు, ఇక్కడ ఉన్నది మేము, మేము బాగున్నాం అని ఆ వాసనతోనే ఒకదానికొకటి చెప్పుకుంటాయి. మన ముక్కుకి అది పాత చెమటలా ఉంటుంది. కొమ్మల మీద గోధుమరంగు జిడ్డు పేరుకుంటుంది.

ఎన్‌ఐసీయూలో తొమ్మిదేళ్లు చేసిన మనిషికి ఆ జిడ్డు చూస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకోనిదే మేం వార్డులోకి అడుగు పెట్టేవాళ్లం కాదు. పైగా కోవిడ్ రోజులు. లిఫ్ట్ బటన్‌ని కూడా గంటకోసారి తుడుస్తున్న కాలం. మా జబ్బులు వీటికి అంటుకోకూడదని మాస్కూ గ్లవ్స్ లేనిదే ఆ గదిలోకి ఎవరినీ రానిచ్చేవాళ్లు కాదు. ఇన్ని జాగ్రత్తల మధ్య ఈ సగం కడగడం ఏమిటి? పాతవాళ్లు బద్ధకానికి పెట్టుకున్న పేరు అనుకున్నాను. రాజన్నతో అనేశాను కూడా. ఆయన నవ్వి, "నీ ముక్కు వేరే, వాని ముక్కు వేరే చెల్లె" అని ఊరుకున్నాడు.

జూన్ రెండో వారంలో రాజన్న రూమ్‌మేట్‌కి కోవిడ్ వచ్చింది. రాజన్నకి ఏమీ లేకపోయినా పది రోజులు కార్మికుల క్యాంపులోని తన గది దాటకూడదన్నారు. గది బాధ్యత నా ఒక్కదాని మీద పడింది. అదే వారం, ఆదివారం పొద్దున నేను డ్యూటీకి వెళ్లేసరికి బేగం ప్రసవించి ఉంది. కవలలు. ఒక్కొక్కటి నా బొటనవేలంత. నెత్తి మీద తెల్ల జుట్టు ఇంకా రాలేదు, తల్లి వీపు మీద బొచ్చులో రెండు ముడతల్లా అతుక్కుని ఉన్నాయి. మధ్యాహ్నానికి ముదీర్ వచ్చి రెంటినీ తన వీపు మీదకి ఎక్కించుకున్నాడు. చిట్టి పక్కనే కూర్చుని వాటి తోకలు లాగి చూసి తిట్లు తింది. టామరిన్‌లు తిడితే పిచ్చుకలు అరిచినట్టే ఉంటుంది. డాక్టర్ హానీ అద్దం బయటి నుంచి చూసి, "అల్హమ్దులిల్లా, వీళ్లకి మన అవసరం లేదు" అన్నాడు.

ఆ మాట నేను వినాల్సినట్టు వినలేదు.

సోమవారం పొద్దున గూడు తలుపు దగ్గర ప్రసవపు మరకలు కనబడ్డాయి. ఆ మరకల్లో రెండో రోజు పిల్లలు పడుకోవడం నా కళ్లతో చూడలేకపోయాను. మా వార్డులో అయితే ఇలాంటి పరుపు ఒక్క నిమిషం ఉంచం. కుటుంబం మొత్తాన్ని పక్కనున్న షిఫ్ట్ డెన్‌లోకి పంపాను. గది శుభ్రం చేసేటప్పుడు జంతువుల్ని కాసేపు ఉంచే చిన్న గది అది. పిల్లలు రెండూ పాల కోసం తల్లి మీదే ఉన్నాయి. తలుపు వేసి, చొక్కా చేతులు పైకి మడిచి మొదలుపెట్టాను. గూడు, కొమ్మలు, తాళ్లు, ఊయల చెక్క, ఒక్కటి వదల్లేదు. మందు కలిపిన నీళ్లతో రుద్ది, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టాను. ఎంత రుద్దినా జిడ్డు వదలని లావుపాటి తాడు ఒకటి ఉంటే ఊడదీసి చెత్త సంచిలో వేశాను. గంటన్నర పట్టింది. కొమ్మలు కొత్తగా చెక్కినట్టు తెల్లగా మెరిశాయి. ఫోటో తీసి మా ఆయనకి పంపాను. చెక్‌షీట్‌లో 'కొమ్మలు: సగం' అనే గడి ఉంటే అందులోనే టిక్కు పెట్టాను.

తలుపు తీశాను. ముదీర్ ముందు వచ్చాడు. మొదటి కొమ్మని వాసన చూసి ఆగిపోయాడు. రెండో కొమ్మ. మూడోది. ఒంటి మీద బొచ్చంతా నిక్కబొడుచుకుంది. ఆ తర్వాత వాడు ఆగలేదు. ఈ కొమ్మ నుంచి ఆ కొమ్మకి పరుగు, కూర్చుని రుద్దడం, మళ్లీ పరుగు. చిట్టి కూడా అదే పని. మధ్యలో ఆగి సన్నగా, పొడుగ్గా అరుపులు. పరాయి గుంపు దగ్గరలో ఉన్నప్పుడు అలా అరుస్తాయని తర్వాత తెలిసింది. వాటికి అది తమ ఇల్లని తెలియడం లేదు. సామాను మాయమైన ఇంట్లోకి వచ్చినవాళ్లు దొంగ ఇంకా లోపలే ఉన్నాడేమో అని గదులన్నీ వెతికినట్టు వెతుకుతున్నాయి.

బేగం రెండు పిల్లల్నీ మోస్తూ ఒక మూల కూర్చుంది. పాలు పట్టడం అయ్యాక తండ్రిని పిలిచింది. వాడు రాలేదు. సాయంత్రం నేను ఇంటికి బయలుదేరేటప్పటికి కూడా రెండూ దాని మీదే ఉన్నాయి. రేపటికి సర్దుకుంటాయిలే అనుకున్నాను. బస్సులో కూర్చున్నా నా మనసు నిలవలేదు.

మంగళవారం పొద్దున ఏడున్నరకి ఒక పిల్ల నేల మీద ఉంది.

ఒళ్లు చల్లగా ఉంది, ఊపిరి ఉంది. నా చేతులకి పని తెలుసు. గుండెలకి అదుముకుని క్లినిక్‌కి పరిగెత్తి, వేడి పెట్టెలో పెట్టి, పావు మిల్లీలీటరు చొప్పున చక్కెర నీళ్లతో పెదవులు తడిపాను. గదిలో బేగం రెండో పిల్లని కొమ్మకేసి రుద్దుతోంది. తల్లి అలసిపోతే, ఎవరైనా దీన్ని తీసుకోండి అని చెప్పడం అలా ఉంటుంది. తీసుకునేవాడు ఇంకా కొమ్మలు పూస్తూనే ఉన్నాడు. రాత్రంతా పూశాడేమో, వెనక భాగం ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది.

డాక్టర్ హానీ ఎనిమిదికి వచ్చాడు. చాలాసేపు అద్దం దగ్గర నిలబడ్డాడు.

"కిందటేడు చిట్టిని ఎంత బాగా పెంచారో నేను చూశాను. వీళ్లకి పిల్లల్ని పెంచడం తెలియక కాదు. సిస్టర్, నిన్నటి నుంచి ఏమైనా మారిందా? తిండి, లైట్లు, కొత్త మనిషి, శబ్దం, ఏదైనా?"

"ఏమీ మారలేదు డాక్టర్" అన్నాను.

ఎందుకలా అన్నానో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ప్రొబేషన్ భయం ఉంది, నిజమే. దానికంటే పెద్దది ఇంకోటి. రెండుసార్లు పరీక్ష పోయిన నర్సుని నేను. నాకు మిగిలిన గర్వం శుభ్రం ఒక్కటే. తప్పు అందులోనే ఉందని ఒప్పుకుంటే ఇక నా దగ్గర ఏం మిగులుతుంది? కడగడం మార్పు ఎలా అవుతుంది అని నాకు నేనే వాదించుకున్నాను. కానీ ఆ టిక్కు నేను పెట్టిందే కదా. తప్పని తెలియకపోతే అబద్ధపు టిక్కు ఎందుకు పెడతాను?

డాక్టర్ చెక్‌షీట్ చూశాడు. అన్నీ సరిగ్గానే కనబడ్డాయి. తెల్లబడ్డ కొమ్మలు ఈ వారం వంతు సగమే అనుకున్నట్టున్నాడు. తల్లికి పాలు తగ్గాయేమో, తండ్రికి జబ్బేమో అని ఆలోచిస్తూ ముదీర్‌ని పట్టి రక్తం తీద్దామా అన్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. "మధ్యాహ్నం దాకా చూస్తాను. అప్పటికీ తండ్రి తీసుకోకపోతే రెండో పిల్లని కూడా బయటికి తీసేస్తాం. హ్యాండ్ రేరింగే గతి."

హ్యాండ్ రేరింగ్ అంటే మనిషి చేత్తో పాలు పట్టి పెంచడం. వినడానికి దయగానే ఉంటుంది. డాక్టర్ దాని గురించి చెప్పేటప్పుడు మొహంలో దయ కంటే దిగులే ఎక్కువ. అలా పెరిగిన టామరిన్‌కి తన జాతి భాష సరిగ్గా రాదు. కుటుంబంలోకి తిరిగి వెళ్తే ఒక్కోసారి తరిమేస్తారు. చెల్లెళ్లని మోసి ఉండదు కాబట్టి రేపు తన పిల్లల్ని పెంచలేదు. "పిల్ల బతుకుతుంది, టామరిన్ బతకదు" అన్నాడు. నేను తల వంచుకుని వేడి పెట్టెలో ఉన్నదాన్ని చూసుకుంటున్నాను.

పదిన్నర అవుతుండగా అది నా అరచేతిలో పోయింది. ఎన్‌ఐసీయూలో చాలామంది పిల్లలు పోవడం చూశాను. ఆఖరి ఊపిరి ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇంత చిన్న ఒంట్లో కూడా అది అలాగే ఉంది. గట్టిగా ఏడ్చేశాను. డాక్టర్ నా భుజం తట్టి, "నువ్వు చేయగలిగిందంతా చేశావు, సిస్టర్" అన్నాడు. ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

పదకొండుకి రాజన్న వీడియో కాల్ చేశాడు. పిల్లలు పుట్టారని తెలిసినప్పటి నుంచి రోజూ చేస్తున్నాడు, గదిలో ఒక్కడూ కూర్చుని ఏం తోచక. నేను ఫోన్ కెమెరాని అద్దం వైపు తిప్పాను.

"ఏమైంది చెల్లె? గట్ల ఉరుకుతుండేంది ముదీర్? ఆగు ఆగు, ఫోన్ జర పైకి పెట్టు." పైకెత్తి పట్టుకున్నాను. "గా కట్టెలు గంత తెల్లగ ఎందుకున్నయ్? కడిగినవా?"

"కడిగాను."

"సగమా, మొత్తమా?"

"మొత్తం."

"గూడు సుత?"

"గూడు కూడా, రాజన్నా. ఒక పిల్ల ఇప్పుడే పోయింది."

ఆయన కేకలేస్తాడనుకున్నాను. వేయలేదు. "అయ్యో చెల్లె" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "డాక్టర్ సాబ్‌కు జెప్పినవా?"

"లేదు."

"సరే, ఇను. నేనే కడిగిన అని చెప్పు. రాజన్న పోయేటప్పుడు కడిగి పోయిండట అని చెప్పు. నాకు ఇక్కడ ఏండ్లయింది, నన్ను ఏమనరు. నీది కొత్త నౌకరి."

నా జీవితంలో నాకోసం ఎవరైనా అంత సులువుగా నింద నెత్తికెత్తుకోవడం చూడలేదు. ఒక్క క్షణం ఆశ పుట్టింది కూడా, దాచను. అప్పుడు అర్థమైంది. రాజన్న వెళ్లి వారం కావస్తోంది. ఆయన కడిగాడంటే వాసన పోయి వారమైనట్టు. ఆదివారం ముదీర్ పిల్లల్ని చక్కగా ఎత్తుకోవడం డాక్టర్ కళ్లారా చూశాడు. అయితే కారణం కడగడం కాదు అనుకుని ఇంకెక్కడో వెతుకుతాడు. ఈ అబద్ధం నన్ను కాపాడి రెండో పిల్లని చంపుతుంది.

"వద్దు రాజన్నా" అని ఫోన్ పెట్టేశాను.

డాక్టర్ హానీ క్లినిక్‌లో సిరంజిలు కడుగుతున్నాడు, రెండో పిల్ల కోసం. నిలబడి ఒక్క గుక్కలో చెప్పేశాను. నిన్న పొద్దున, గది మొత్తం, గూడుతో సహా, నేనే. చెక్‌షీట్‌లో అబద్ధం రాశాను. పొద్దున మీరడిగినప్పుడు అబద్ధం చెప్పాను.

ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. "పొద్దున ఎనిమిదికి అడిగాను" అన్నాడు. చేతిలో సిరంజి పక్కన పెట్టాడు. "ఖలాస్. అది తర్వాత. షిఫ్ట్ డెన్ కడిగావా?"

"లేదు. వాటిని అందులోనే ఉంచాను కాబట్టి కడగడానికి కుదరలేదు."

"ఆ తాడు?"

"చెత్తలో వేశాను."

"యల్లా, సిస్టర్! వెళ్లి తీసుకురా!"

జంతువుల గదుల చెత్తని రోజు విడిచి రోజు తీసుకెళ్తారు. నా అదృష్టం, సంచులు ఇంకా వెనక షెడ్డులోనే ఉన్నాయి. జూన్ మధ్యాహ్నం, రేకుల షెడ్డు, రెండు రోజుల పండ్ల తొక్కలు, పక్షుల రెట్ట. మోచేతుల దాకా సబ్బు రుద్దుకునే మనిషిని, మోచేతుల దాకా అందులో పెట్టి సంచి తర్వాత సంచి తిరగేశాను. కాపలా కుర్రాళ్లు ముక్కు మూసుకుని వింతగా చూశారు. నాలుగో సంచిలో తాడు దొరికింది. జిడ్డోడుతున్న ఆ తాడుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. పాత చెమట వాసన పోలేదు. అంత కంపు వాసనకి అంత సంతోషపడతానని కలలో కూడా అనుకోలేదు.

కుటుంబాన్ని మళ్లీ షిఫ్ట్ డెన్‌లోకి పంపాం. ఇరుకు గది, కానీ అందులోని చెక్క బల్లా రెండు కొమ్మలూ ఏడాదిగా వాటి వాసన పట్టినవి. తాడుని బల్ల పక్కన కట్టాం. తలుపుకి, జాలీకి అట్టముక్కలు అడ్డం పెట్టి చీకటి చేశాం. కెమెరా ఒకటి లోపల ఉంది. మేమిద్దరం క్లినిక్‌లో తెర ముందు కూర్చున్నాం. ఇక చేసేదేమీ లేదు, చూడటం తప్ప.

ముదీర్ తాడుని వాసన చూశాడు. మొహం దానికేసి రుద్దాడు. మళ్లీ వాసన చూశాడు. ఒక్కసారి పూశాడు, రెండోసారి పూయలేదు. బల్ల మీద కూర్చున్నాడు. బొచ్చు మెల్లగా దిగింది. నిన్నటి నుంచి వాడు కుదురుగా కూర్చోవడం అదే మొదటిసారి. బేగం వచ్చి వాడి పక్కన ఒదిగింది. కాసేపటికి పిల్లని బల్ల అంచుకేసి రుద్దడం మొదలుపెట్టింది. పిల్ల ఒక చేత్తో వేలాడుతోంది. నేను కుర్చీలోంచి లేచాను. డాక్టర్ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

ముందు కదిలింది చిట్టి. దగ్గరికి వచ్చి పిల్లని రెండు చేతులతో పట్టి లాగి, తల కిందికీ కాళ్లు పైకీ ఉండేలా తన పొట్టకి కరుచుకుంది. ఎక్కడ పెట్టుకోవాలో దానికి ఇంకా సరిగ్గా తెలియదు. పిల్ల కీచుమంది. ఆ కీచుమన్న శబ్దానికి ముదీర్ లేచి వచ్చి కూతురి మీదకి వంగాడు. పిల్ల వాడి బొచ్చు పట్టుకుని, పాకి, వీపు మీదకి చేరింది. వాడు ఏమీ జరగనట్టు వెనక్కి వెళ్లి తాడు పక్కన కూర్చున్నాడు. బేగం నేరుగా తిండి పళ్లెం దగ్గరికి వెళ్లి, ఆగకుండా తింది.

డాక్టర్ హానీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను దాచుకోకుండానే ఏడ్చాను.

పది రోజులు వాళ్లని ఆ ఇరుకు గదిలోనే ఉంచాం. ఆ తర్వాత తలుపు తెరిచి ఉంచితే వాళ్లంతట వాళ్లే పెద్ద గదిలోకి వస్తూ పోతూ, మెల్లగా మళ్లీ కొమ్మలన్నీ జిడ్డు చేసుకున్నారు. రాజన్న తిరిగొచ్చి పిల్లకి పత్తి అని పేరు పెట్టాడు. నా మీద విచారణ జరిగింది, ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. నేను దానికి అర్హురాలినే.

చనిపోయిన పిల్లకి ఒక రికార్డు రాయాలి. జంతువు ఏది పోయినా కారణం రాసి దాచుతారు, వేరే దేశాల్లో ఈ జాతిని పెంచేవాళ్లు కూడా వాటిని చదువుతారు. డాక్టర్ ఆ పొద్దున, నేను నిజం చెప్పకముందు, కారణం గడిలో తల్లి వదిలేసింది అని రాసి ఉంచాడు. ఆ కాగితం చూస్తే నాకు కాకినాడ వార్డు గుర్తొచ్చింది. పిల్ల నీరసపడితే చాలు, పెద్ద డాక్టరు దగ్గర నుంచి ఆయా దాకా, తల్లి సరిగ్గా చూసుకోలేదనేవాళ్లు. నేను కూడా అన్నాను, ఎన్నోసార్లు. బేగం వదల్లేదు. ఒంటరిగా రెండు పిల్లల్ని ఒక పగలూ ఒక రాత్రీ మోసింది. ముదీర్ కూడా వదల్లేదు. ఇల్లు పోయిందనుకుని, పిల్లలకి ఇల్లు మళ్లీ కట్టబోయాడు. ఆ వాక్యం కొట్టేయమని డాక్టర్‌ని అడిగాను. ఆయన కలం నాకే ఇచ్చాడు. కీపర్ పొరపాటు, గది మొత్తం కడగడం వల్ల కుటుంబం చెదిరింది అని రాసి, కింద నా పూర్తి పేరు రాశాను.

నాలుగేళ్లయింది. ఇప్పుడు ఆ గదిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి పని నేర్పేది నేనే. వాళ్లలో కొందరు ఆసుపత్రుల నుంచి వస్తారు, కొందరు హోటళ్ల హౌస్ కీపింగ్ నుంచి వస్తారు. అందరూ ఆ కొమ్మల్ని చూసి నాలాగే మొహం చిట్లిస్తారు. శుభ్రం అనేది ఎవరి ముక్కుతో చూస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుందని చెబుతాను. అది నేర్చుకోవడం కష్టం కాదు, వారంలో వచ్చేస్తుంది. రెండో పాఠమే కష్టం.

ఏమైనా మారిందా అని డాక్టర్ అడిగితే, తప్పయినా సరే, అప్పుడే చెప్పండి అంటాను. నేను ముందే చెప్పి ఉంటే ఆ పిల్ల బతికేదా అని డాక్టర్ హానీని ఒకసారి అడిగాను. ఎవరూ చెప్పలేరన్నాడు. నాకు తెలిసింది ఒక్కటే. నేను ఏమీ మారలేదు అన్నప్పుడు అది వేడి పెట్టెలో ఊపిరి తీసుకుంటోంది.